అడ్డగాలిలో దిగడం: ఇంట్లో నేర్చుకోగలిగినది, నేర్చుకోలేనిది

(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోన్ చేసి, "ఈసారి ఒక అరగంట మీరు మాట్లాడాలి, విషయం మీ ఇష్టం" అన్నారు. నా ఇష్టం అంటే ఇప్పుడు ఒకటే. రోజూ సాయంత్రం ఓ గంట ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, చిన్న విమానాన్ని పక్కనుంచి కొట్టే గాలిలో రన్‌వే మీద దించడం. దాన్ని ఇంగ్లీషులో క్రాస్‌విండ్ ల్యాండింగ్ అంటారు. మనం అడ్డగాలి అనుకుందాం. ఇది పిల్లల ఆట కదా అని కొందరు అనుకోవచ్చు. ఇందులో మన వయసువాళ్లకి, మన ఇళ్లల్లో పైలట్ కావాలనుకునే పిల్లలకి పనికొచ్చే సంగతి ఒకటుంది. అది చెప్పడానికే వచ్చాను.

ముందే ఒక మనవి. నేను పైలట్‌ని కాను. వైమానిక దళంలో నాది మెట్ అసిస్టెంట్ ట్రేడ్. ఇరవై నాలుగేళ్లు గాలి దిశ, గాలి వేగం, మబ్బు ఎత్తు, దూరం ఎంతవరకు కనపడుతోంది, ఇవి కొలిచి రాసి ఇవ్వడమే నా ఉద్యోగం. కాబట్టి ఈ సభలో ఉన్న పైలట్ దొరలు నా మాటల్లో లోపం కనిపిస్తే టీ దగ్గర చెప్పండి. ఇక్కడ మాత్రం కాస్త ఓపిక పట్టండి.

గాలి వివరం మేము ఐదంకెల్లో రాస్తాం. మొదటి మూడు దిశ, తరవాతి రెండు వేగం. 20016 అని రాస్తే గాలి 200 డిగ్రీల నుంచి 16 నాట్ల వేగంతో వస్తోందని అర్థం. గాలి ఎటు పోతోందో చెప్పం, ఎటునుంచి వస్తోందో చెబుతాం. మెటార్ రిపోర్టులో ఆ అంకె పది నిమిషాల సగటు. సుమారు పది మీటర్ల ఎత్తున కొలిచినది. ఆ సగటు కంటే పది నాట్లు గాని, అంతకు మించి గాని గాలి విసిరితే గస్ట్ అని పక్కన చేరుస్తాం. అంటే ఏమిటి? సగటు కంటే తొమ్మిది నాట్లు ఎక్కువగా విసిరిన గాలి ఆ రిపోర్టులో అసలు కనపడదు. కాగితం మీద గాలి నిలకడగా ఉన్నట్టే ఉంటుంది. రన్‌వే మీదకి దిగే విమానానికి మాత్రం ఆ తొమ్మిది నాట్లు తగులుతాయి. ఇన్నేళ్లు ఆ ఐదంకెలు నేను ఇచ్చాను. తీసుకున్నవాళ్ల చేతుల్లో, కాళ్లల్లో అవి ఏం పని చేస్తాయో రిటైరయ్యాక ఈ ఆట పుణ్యాన చూస్తున్నాను.

ఇప్పుడు ఆ అంకెల్ని అడ్డగాలిగా ఎలా మారుస్తారో చూద్దాం. మాది కృష్ణా జిల్లా, గన్నవరం పక్క పల్లె. రెండో ప్రపంచయుద్ధ కాలంలో వేసిన విమానాశ్రయం అది. అందుకని నా సాధన అంతా గన్నవరం రన్‌వే 26 మీదే. 26 అంటే విమానం ముక్కు సుమారు 260 డిగ్రీల వైపు ఉంటుంది. వేసవిలో మా వైపు దక్షిణపు గాలి మీకు తెలిసిందే. గాలి 200 నుంచి వస్తే రన్‌వేకీ గాలికీ మధ్య 60 డిగ్రీల కోణం. ఎడమవైపు నుంచి కొడుతుంది. కోణం 30 అయితే గాలి వేగంలో సగం అడ్డగాలి. 45 అయితే ముప్పాతిక వేసుకోవాలి. 60 దాటితే మొత్తం గాలీ అడ్డగాలే అనుకోవడం క్షేమం. కచ్చితంగా లెక్క కడితే 16 నాట్లలో 14 అడ్డంగా, 8 ఎదురుగా వస్తాయి. తల లెక్కకి ఇది చాలు.

ఈ 14 నాట్లు ఏం చేస్తాయి? మా అమ్మమ్మగారి ఊరు కోనసీమ. కోటిపల్లి రేవులో పడవ ఎక్కి ముక్తేశ్వరం దాటినవాళ్లు ఇక్కడ ఉండే ఉంటారు. పడవవాడు ముక్తేశ్వరం రేవు వైపు ముక్కు పెట్టడు. ఏరు లాగేస్తుందని తెలుసు కాబట్టి ఎగువకి పెడతాడు. పడవ ఓరగా కనపడుతుంది, పోయేది మాత్రం తిన్నగా రేవుకే. విమానం కూడా అంతే. 65 నాట్లతో దిగే సెస్నా 172కి 14 నాట్ల అడ్డగాలి ఉంటే ముక్కుని గాలి వైపు సుమారు 12 డిగ్రీలు తిప్పి ఉంచాలి. 140 నాట్లతో వచ్చే పెద్ద విమానానికి అదే గాలిలో ఆరు డిగ్రీలు చాలు. చిన్న విమానానికి అడ్డగాలి ఎందుకంత కష్టమో ఈ ఒక్క లెక్కలో తెలిసిపోతుంది. ముక్కు అలా ఓరగా పెట్టి రావడాన్ని క్రాబ్ అంటారు, పీత నడక అన్నమాట.

మా కాలనీలో ఒక రిటైర్డ్ ఆర్టిలరీ హవల్దార్‌గారు ఉన్నారు. నేను ఇది చెబితే ఆయన, "ఇందులో కొత్తేముంది? ఫైరింగ్ రేంజ్‌లో గాలి చూసి ఎయిమ్ ఆఫ్ చెయ్యడం మాకు రంగ్రూట్ రోజుల్లోనే నేర్పారు. తోపుకి కూడా మెట్ మెసేజ్ చూసే కరెక్షన్ ఇస్తాం" అన్నారు. నిజమే. తేడా ఎక్కడంటే, గుండు వదిలాక దాని పని అది చూసుకుంటుంది. విమానంలో మాత్రం ఎయిమ్ ఆఫ్ చేసి వచ్చినవాడు నేల తాకే ముందు ఆ ఎయిమ్ ఆఫ్‌ని తీసెయ్యాలి. ముక్కు ఓరగా ఉండగా చక్రాలు నేలకి తగిలితే పక్కకి ఈడ్చుకుపోతాయి. టైర్లకీ, గేర్‌కీ దెబ్బ. ఒక్కోసారి విమానం రన్‌వే దిగి పోతుంది. పడవ రేవుకి చేరితే ఏ మూల ఆనినా ఫరవాలేదు. విమానానికి ఆ వెసులుబాటు లేదు.

అందుకని చివరి కొన్ని సెకన్లలో రెండు పనులు కలిపి జరగాలి. గాలి ఎడమ నుంచి వస్తోంది అనుకుందాం. కుడి రడ్డర్ తొక్కి ముక్కుని రన్‌వే గీతకి తిన్నగా తేవాలి. అలా తేగానే గాలి విమానాన్ని కుడికి తొయ్యడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి ఎడమ రెక్క కొంచెం కిందికి వంచి పట్టుకోవాలి. చెయ్యి ఎడమకి, కాలు కుడికి. సైకిలూ కారూ నడిపిన మనిషికి ఇది ఎదురు అలవాటు. ముందు ఎడమ చక్రం తాకుతుంది, తరవాత కుడి చక్రం, ఆఖర్న ముక్కు చక్రం. కొందరు చివరిదాకా పీత నడకతో వచ్చి ఆఖర్న తిప్పుతారు. కొందరు కాస్త ముందునుంచే రెక్క వంచి తిన్నగా వస్తారు. చిన్న విమానంలో ఎక్కువమంది రెండూ కలిపి చేస్తారు.

చక్రాలు తాకగానే పని అయిపోయిందనుకోవడం కొత్తవాళ్ల అలవాటు. నిజానికి అసలు పరీక్ష అక్కడ ఉంది. విమానం వేగం తగ్గేకొద్దీ రెక్కల మీది ఎయిలరాన్ పట్టు తగ్గుతుంది, గాలి మాత్రం తగ్గదు. అందుకని గాలి వైపు ఎయిలరాన్‌ని వదలకుండా, ఇంకా ఇంకా పెంచుకుంటూ పోవాలి. తోక మీద గాలి కొట్టి ముక్కుని గాలి వైపు తిప్పాలని చూస్తుంది, గాలికోడిలాగా. దాన్ని కాలితో పట్టాలి. ట్యాక్సీ చేసి, ఆగి, ఇంజను ఆపేదాకా విమానం ఎగురుతూనే ఉందనుకోవాలి.

ఇక ఇంట్లో సరంజామా. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ మొదట 1982లో వచ్చింది. 2020లో వచ్చిన దానిలో ఉపగ్రహ చిత్రాల మీద కట్టిన భూగోళం అంతా ఉంటుంది. 2024లో ఇంకొకటి వచ్చింది. ఎక్స్‌ప్లేన్ అని మరొకటి ఉంది. డబ్బు పెట్టలేనివాళ్లకి ఫ్లైట్‌గేర్ అని పూర్తిగా ఉచితమైనది ఉంది. ఏదైనా సరే, అడ్డగాలి సాధనకి ఒకటి తప్పనిసరి: కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్. కర్రని మెలితిప్పే జాయ్‌స్టిక్‌తో కూడా పని జరుగుతుంది గాని, చెయ్యి ఒకటీ కాలు ఇంకొకటీ చెయ్యాల్సిన పాఠం మొత్తం ఒక్క మణికట్టులోకి వచ్చేస్తుంది. అలా నేర్చినవాడు అసలు విమానంలో కాళ్లు ముడుచుకుని కూర్చుంటాడు.

రెండో సంగతి. ఈ సిమ్యులేటర్లలో కొత్తవాళ్లకి సాయంగా ఆటో రడ్డర్ అని ఒకటి ఉంటుంది. అది ముందు ఆపెయ్యాలి. అది నడుస్తున్నంతసేపూ మీ బదులు కంప్యూటరే కాలు తొక్కుతుంది. ఎక్స్‌ప్లేన్‌లో అయితే రడ్డర్‌కి ఏ పరికరమూ కేటాయించకపోతే అది తనంతట తానే సర్దుకుంటుంది. అడ్డగాలి బాగా వచ్చేసిందని సంతోషించేవాడు ముందు ఆ సెట్టింగ్ చూసుకోవాలి.

సిమ్యులేటర్ ఎక్కడ అబద్ధం చెబుతుందో కూడా తెలిసి ఉండాలి. అసలు విమానంలో పక్కకి జారితే నడుముకి తెలుస్తుంది, కుర్చీకి తెలుస్తుంది. ఇంట్లో కుర్చీ కదలదు. కంటి చివరల నుంచి నేల ఎంత వేగంగా పైకి వస్తోందో పైలట్ పోల్చుకుంటాడు. మన తెర ముందు ఒక కిటికీ అంతే. అసలు విమానంలో వేగం తగ్గితే స్టిక్ వదులవుతుంది. మన జాయ్‌స్టిక్ స్ప్రింగు ఎప్పుడూ ఒకే బిగువుతో ఉంటుంది. నేల మీద టైరు పట్టు కూడా కొన్ని సిమ్యులేటర్లలో నిజానికి దూరం. అన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది. ఇక్కడ భయం లేదు. భయం లేనిచోట నేర్చిన ధైర్యం లెక్కలోకి రాదు. ఇంటి గంటలు లాగ్‌బుక్‌లోకి కూడా రావు. డీజీసీఏ ఆమోదించిన శిక్షణ పరికరాల మీద, నిబంధన ప్రకారం చేసిన గంటలే గంటలు.

మరి ఇన్ని లోపాలుంటే ఎందుకూ అంటే, సిమ్యులేటర్ పుట్టుక చూడండి. 1929లో అమెరికాలో ఎడ్విన్ లింక్ అనే ఆయన లింక్ ట్రైనర్ తయారుచేశాడు. వాళ్ల నాన్నది ఆర్గన్ వాద్యాలు చేసే కార్ఖానా. ఆ వాద్యాలకి గాలి ఊదే తిత్తులనే వాడి, చిన్న చెక్క విమానాన్ని అటూ ఇటూ వంగేట్టు చేశాడు. మొదట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1934లో అమెరికా సైన్యం విమానాల్లో టపా మోసే బాధ్యత తీసుకుంది. చెడు వాతావరణంలో పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు కొన్నారు. దేనికి? మబ్బులో పరికరాలు చూసి ఎగరడం నేర్పడానికి. రెండో ప్రపంచయుద్ధంలో లక్షలమంది అలాగే నేర్చారు. అంటే మొదటినుంచీ ఈ పెట్టె పని ఒంటికి అనుభవం ఇవ్వడం కాదు. ఏ పని తరవాత ఏ పని, ఎప్పుడు ఏం నిర్ణయం, ఇది ప్రాణం మీదకి రాకుండా వందసార్లు చేయించడం. అడ్డగాలికి కూడా దాన్ని అందుకే వాడాలి.

నేను చేసే పద్ధతి చెబుతాను, పిల్లలకి పనికొస్తుంది. మొదట గాలి పెట్టి, దిగకుండా, రన్‌వే మీద పదిహేను అడుగుల ఎత్తున ఈ చివరినుంచి ఆ చివరిదాకా రెక్క వంచి గీత మీదే ఎగరాలి. దిగే తొందర లేదు కాబట్టి చెయ్యీ కాలూ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం నేర్చుకుంటాయి. అది కుదిరాక 5 నాట్ల అడ్డగాలితో దిగాలి. తరవాత 8, తరవాత 10. ఎడమ గాలి పది సార్లు అయితే కుడి గాలి కూడా పది సార్లు. ప్రతి మనిషికీ ఒక పక్క సులువు, ఒక పక్క కష్టం ఉంటుంది. ఆ తరవాతే గస్ట్‌లు పెట్టాలి. గాలి 15, గస్ట్ 25 అయితే తేడా 10. అందులో సగం, అంటే 5 నాట్లు, దిగే వేగానికి కలుపుకోవడం చిన్న విమానాల్లో వాడుక. చూపు మీటర్ల మీద కాకుండా రన్‌వే చివర ఉండాలి.

సెస్నా 172 ఎస్ పుస్తకంలో అడ్డగాలి 15 నాట్ల దాకా నిరూపించి చూపించినట్టు రాసి ఉంటుంది. ఇంతకంటే ఎక్కువలో విమానం ఎగరలేదని దానర్థం కాదు. కంపెనీ టెస్ట్ పైలట్ అంతవరకు దించి చూపించాడని మాత్రమే. టెస్ట్ పైలట్‌కి నిరూపణ అయినది విద్యార్థికి హద్దు కానక్కరలేదు. ఫ్లైయింగ్ స్కూళ్లు విద్యార్థులకి ఇంకా తక్కువ పెడతాయి. నా హద్దు 15 అని నోటుబుక్కు మొదటి పేజీలోనే రాసుకున్నాను. కూర్చునే ముందు చదువుతాను. గాల్లో ఉండగా హద్దు నిర్ణయించుకునే మనిషి ఎప్పుడూ దాన్ని కొంచెం జరుపుతాడు.

ఇంకొక ఏర్పాటు మా ఇంట్లో జరిగింది. గాలి ఎంతో మనమే పెట్టుకుంటే ముందే తెలిసిపోతుంది కదా. అందుకని ఆ పని మా ఆవిడకి ఒప్పజెప్పాను. నన్ను అటు తిరగమని, తను అంకె కొట్టి, తెర మీద ఆ భాగం మూసేసి, "ఊఁ, పెట్టానండీ" అంటుంది. రన్‌వే పక్కన విండ్‌సాక్ చూసి, విమానం ఎటు జరుగుతోందో చూసి, గాలి ఎంతో నేను పోల్చుకోవాలి. ఇరవై నాలుగేళ్లు ఊరందరికీ గాలి ఇచ్చిన మనిషికి ఇప్పుడు ఇంట్లో ఇల్లాలు గాలి ఇస్తోంది. దీనికంటే న్యాయమైన పదవీ విరమణ ఉండదు.

ఒకరోజు తను 200 నుంచి 26 నాట్లు పెట్టింది. గన్నవరం 26 మీదకి వస్తుంటే ముక్కు ఎంత తిప్పినా గీత మీద నిలవడం లేదు. లెక్క కడితే అడ్డగాలి 22 దాటుతుంది. హద్దు 15. పవర్ ఇచ్చి పైకి లేచి, రాజమండ్రి వైపు తిరిగాను. అక్కడ రన్‌వే 23. అదే గాలి అక్కడ కోణం 30 మాత్రమే, అడ్డగాలి 13. గాలి మారలేదు, మనిషి మారలేదు, రన్‌వే మారింది. సుమారు 125 కిలోమీటర్లు పోయేసరికి భోజనాల వేళ అయింది. "దిగారా?" అని వంటింట్లోంచి అడిగింది. "రాజమండ్రిలో దిగాను" అన్నాను. "అయితే భోజనం అక్కడే చెయ్యండి" అంది. ఇంత దూరం పోగలిగామంటే ట్యాంకులో దానికి సరిపడా ఇంధనం ముందే ఉండాలి కదా. అడ్డగాలి పాఠం రన్‌వే దగ్గర మొదలవదు. బయల్దేరే ముందు వాతావరణం చూసి, రెండో రన్‌వే ఎక్కడుందో వెతికి, ఇంధనం లెక్క చూసుకునే దగ్గర మొదలవుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తున్నాను. మనం ఫౌజు మనుషులం. వెనక్కి తగ్గడం అనే మాట మన చెవికి ఇంపుగా ఉండదు. ఇచ్చిన పని ముగించుకుని రావాలి, అదీ మన పెంపకం. దిగుతున్న విమానాన్ని దించకుండా మళ్లీ పైకి లేపడాన్ని గో అరౌండ్ అంటారు. దానికి చెయ్యికి పెద్ద నేర్పు అక్కర్లేదు, మనసుకి కావాలి. చక్రాలు నేలకి ఇరవై అడుగుల్లో ఉన్నప్పుడు, రన్‌వే అంతా ఎదురుగా కనపడుతున్నప్పుడు, "వద్దు, మళ్లీ వద్దాం" అనుకోవడం అంత తేలిక కాదు.

2008 మార్చి 1న జర్మనీలో ఎమ్మా అనే తుఫాను గాలుల్లో లుఫ్తాన్సా ఎయిర్‌బస్ ఎ320 ఒకటి హాంబర్గ్‌లో దిగడానికి వచ్చింది. రన్‌వే 23. గాలి 300 నుంచి 33 నాట్లు, గస్ట్ 47. మన లెక్క వెయ్యండి. కోణం 70. గస్ట్‌లో అడ్డగాలి 44 నాట్లు. ఆ విమానానికి నిరూపించిన అడ్డగాలి 33, గస్ట్‌తో 38. చక్రం తాకాక గాలి కుడి రెక్కని లేపేసింది, ఎడమ రెక్క కొస రన్‌వేని గీసింది. పైలట్లు ఆ క్షణంలో దిగడం మానుకుని పైకి లేపారు. తరవాత రన్‌వే 33 మీద దిగారు. అక్కడ కోణం 30, అడ్డగాలి సగం. లోపలున్న 137 మందిలో ఒక్కరికీ గాయం కాలేదు. నిరూపించిన అడ్డగాలి అనే మాట హద్దా, కేవలం సమాచారమా అన్నది పైలట్లలోనే తలో రకంగా అర్థం చేసుకుంటున్నారని విచారణలో బయటపడింది. హద్దు ముందే రాసి పెట్టుకోవాలని నేను అనేది అందుకే.

రెండో ఉదాహరణ మన దేశంలోది. చెప్పేటప్పుడు పోయినవాళ్లందరికీ తలవంచి చెబుతున్నాను. 2010 మే 22న మంగళూరులో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలోకి పోయి 158 మంది మరణించారు. 8 మంది మిగిలారు. ఆ ఉదయం అడ్డగాలి లేదు, గాలి ప్రశాంతంగానే ఉంది. విమానం ఎక్కువ ఎత్తున, ఎక్కువ వేగంతో వచ్చింది. పక్కనున్న ఫస్ట్ ఆఫీసర్ గో అరౌండ్ అని ఒకటి కాదు, మూడుసార్లు చెప్పినట్టు విచారణలో తేలింది. రన్‌వేలో చాలా భాగం దాటాకే చక్రాలు తాకాయి. నా ఉద్దేశం ఎవరినో నిందించడం కాదు. సూటిగా రాలేదని తెలిసిన విమానాన్ని దించబోవడంలో ఎంత ప్రమాదం ఉందో చెప్పడానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం లేదని మాత్రమే.

అందుకే ఇంట్లో సాధన చేసేవాళ్లకి ఒక నియమం చెబుతాను. 300 అడుగుల ఎత్తున ఒక గేటు ఉందనుకోండి. ఆ గేటు దగ్గర విమానం గీత మీద ఉందా? వేగం చెప్పినదానికి అయిదు నాట్ల అటూఇటూలో ఉందా? రడ్డర్ ఇంకా కాలికింద మిగిలి ఉందా? మూడింటిలో ఏది కాదన్నా పవర్ ఇచ్చి లేచిపోవాలి. గేటు దాటాక కూడా, రన్‌వే మొదటి మూడోవంతులో చక్రాలు తాకకపోతే లేచిపోవాలి. ప్రతి పది ప్రయత్నాల్లో కనీసం రెండు, అంతా బాగున్నా సరే, కావాలని గో అరౌండ్ చెయ్యాలి. పవర్ పూర్తిగా, ముక్కు పైకి, రెక్కలు సమంగా, పైకి పోతోందని చూసుకున్నాక ఫ్లాప్స్ మెట్లు మెట్లుగా. ఈ వరస చేతికి అలవాటు కావాలి. ఇల్లు ఇవ్వగలిగిన పాఠం ఇదే, ఇది నిజంగా ఇవ్వగలదు. నడుముకి తెలిసే జారుడు ఇంట్లో దొరకదు. చక్రం తాకే ఆ మెత్తదనం దొరకదు. లేచిపోవాలన్న నిర్ణయాన్ని సిగ్గు లేకుండా తీసుకునే అలవాటు మాత్రం వందసార్లు, వెయ్యిసార్లు దొరుకుతుంది.

మా పెద్దమ్మాయి కూతురు కమర్షియల్ పైలట్ లైసెన్సు కోసం శిక్షణలో ఉంది. ఇంటికి వచ్చినప్పుడల్లా నా పెడల్స్ మీద తనే కూర్చునేది. శిక్షణలో చేరిన కొత్తలో ఇన్‌స్ట్రక్టర్‌గారు తన మీటర్ల మీద కాగితం అంటించి, "బయటికి చూడమ్మా" అన్నారట. సిమ్యులేటర్‌లో నేర్చిన పిల్లల చూపు మీటర్లకి అతుక్కుపోతుందని వాళ్లకి తెలుసు. ఆ తరవాత నుంచి మా ఇంట్లో కూడా తను కూర్చుంటే తెర మీది మీటర్లు మూసేస్తున్నాం.

ఈమధ్య ఒక రాత్రి ఫోన్ చేసింది. "తాతయ్యా, ఇవాళ సోలో. గాలి ఉన్నట్టుండి తిరిగింది. రెండుసార్లు గో అరౌండ్ చేశాను. మూడోసారి దిగాను" అంది. గొంతులో ఉత్సాహం లేదు. పక్కన వింటున్న వాళ్ల అమ్మమ్మ ఫోన్ లాక్కుని, "అంటే రెండుసార్లు దిగలేకపోయావా తల్లీ?" అంది. అటునుంచి ఒక్క క్షణం మాట లేదు. నేను ఫోన్ తీసుకుని, "ఇన్‌స్ట్రక్టర్‌గారు ఏమన్నారు?" అని అడిగాను. "లాగ్‌బుక్ సంతకం చేసి, రేపు మళ్లీ సోలో అన్నారు తాతయ్యా" అంది. "అయితే రెండుసార్లు దిగకూడదని తెలుసుకున్నావు, ఒకసారి దిగావు. మూడూ పాసే" అన్నాను. మా ఆవిడకి విడమరచి చెబితే కాసేపు ఆలోచించింది. "అయితే మీరు రాజమండ్రి పోయిన రోజు లాంటిదన్నమాట" అంది. ఇంత చక్కగా నేను ఈ అరగంటలో చెప్పలేకపోయాను.

మిత్రులారా, మన పిల్లలు, మనవలు పైలట్లు అవుతామంటే మనం గర్వపడతాం. లక్షలు ఖర్చుపెడతాం. ఫోన్ చేసినప్పుడు "ఎన్ని ల్యాండింగ్‌లు అయ్యాయి?" అని అడుగుతాం. "ఎన్నిసార్లు వద్దనుకుని లేచావు?" అని ఎవరూ అడగం. అడగండి. అడిగిన ఇంట్లో పిల్లవాడు దాన్ని దాచుకోడు. దాచుకోవాల్సిన సంగతి కాదని తెలిసిన పిల్లవాడు అవసరమైనప్పుడు చెయ్యడానికి సందేహించడు. అసలు ఎగరని నాలాంటి తాతలు, అమ్మమ్మలు చెయ్యగలిగిన సాయం ఇది.

ఇక రిటైరైన మనకోసం ఒక్క మాట. ఏదో ఒక కొత్త విద్య పట్టుకోండి. చెయ్యీ కాలూ కన్నూ కలిసి పని చెయ్యాల్సిన విద్య అయితే మరీ మంచిది. సర్వీసులో మనం మన ట్రేడు ఒక్కటే చూశాం. పక్కవాడి పని ఎంత బరువో ఇప్పుడు తీరిగ్గా చూడొచ్చు. ఓడని జెట్టీకి చేర్చేటప్పుడు పక్కగాలి ఏం చేస్తుందో మన నేవీ మిత్రులు నాకు ఈ భోజన విరామంలో చెబుతామన్నారు. దానికోసం ఎదురుచూస్తున్నాను.

 జై హింద్.